గీత మీదే కొయ్యమన్నాడు

"చేతులు శుభ్రంగా కడుక్కుని రా. ఫిల్మ్‌కి జిడ్డంటితే పనికిరాదు," అన్నాడు వీర్రాజు, నేను వేసి పెట్టిన నాలుగో పెసరట్టు తుంచుకుంటూ.

జిడ్డంటితే పనికిరాదని అతనికి చెప్పింది నేనే. పదకొండేళ్ళ కిందట చెప్పాను. అప్పట్నుంచీ ప్రతి ఉదయం ఆ మాటని తన మాటగా నాకు తిరిగి చెబుతున్నాడు, అదీ నూనె వేళ్ళు గాల్లో ఊపుతూ. నేను పెనం దింపి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, పొడిగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటాను. ఎదురుగా ఉన్నప్పుడు నేనతన్ని 'ఏవండీ' అంటాను. మనసులో మాత్రం ఎప్పుడూ వీర్రాజనే అంటాను. ఇది నా మనసు కాబట్టి ఇక్కడ అతను వీర్రాజే.

మాకు అమీర్‌పేటలో స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉంది. బోర్డు మీద 'వీర్రాజు, ఆర్టిస్ట్' అని ఉంటుంది. పెళ్ళిపత్రికలు, క్యాలెండర్లు, షర్బత్ సీసాల మీద అంటించే లేబుళ్ళు వేస్తారక్కడ. మేముండేది ఎర్రమంజిల్‌లో గవర్నమెంటు క్వార్టర్ల వెనక సందులో, రెండు గదుల పోర్షన్. వంటింటి కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. వంటయ్యాక, గిన్నెలయ్యాక, మా అత్తగారు సీతామహాలక్ష్మి గారికి రెండో కాఫీ ఇచ్చాక ఆ బల్ల నాదవుతుంది. షాపులో అచ్చయ్యే ప్రతి రంగూ ముందు ఆ బల్ల మీద పుడుతుంది.

పని చెప్పడానికి సులువే. స్టెన్సిల్ ఫిల్మ్‌కి రెండు పొరలుంటాయి. కింద గాజులాంటి పొర, దానికి అతుక్కుని పైన ఎర్రటి పల్చటి పొర. బొమ్మ మీద ఫిల్మ్ పరిచి, సన్నటి కత్తితో పై పొరని మాత్రమే కొయ్యాలి. కింది పొర తెగకూడదు. కోసిన ముక్కని ఒలిచి, చట్రానికి బిగించిన పల్చటి గుడ్డకి, అంటే స్క్రీన్‌కి, ఫిల్మ్‌ని అంటిస్తే ఆ ఖాళీలోంచి రంగు కాగితం మీదికి దిగుతుంది. ఒక్కో రంగుకీ ఒక్కో ఫిల్మ్. ఆరు రంగుల బొమ్మంటే ఆరుసార్లు కొయ్యాలి, ఆరూ ఒకదాని మీదొకటి కూర్చోవాలి. వంపు వచ్చినచోట చెయ్యి తిప్పకూడదు, ఫిల్మ్‌ని తిప్పాలి. లోపలి చిన్న ముక్కలు ముందు కొయ్యాలి, బయటి పెద్దగీత చివరికి. ఇంగ్లీషు అక్షరాలు నయం, సగం నిలువు గీతలే. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే. నేను మొట్టమొదట కోసింది ఒక పెళ్ళిపత్రిక మీది 'శ్రీరస్తు'. ఆ వేళ ఒత్తుల దగ్గర ఊపిరి బిగబట్టిన గుర్తు నాకింకా ఉంది.

వీర్రాజు ఈ విద్య నేర్చుకోలేదనడానికి లేదు. పెళ్ళయిన కొత్తలో బొంబాయి నుంచి వచ్చిన ఒకాయన దగ్గర మూడు రోజులు నేర్చుకొచ్చాడు. ఇంటికొచ్చి నాలుగు ఫిల్ములు చింపి, కత్తి గోడకేసి కొట్టి, కాఫీ చల్లారిపోయిందని నన్ను తిట్టి వెళ్ళిపోయాడు. చెత్తబుట్టలోంచి మిగిలిన ముక్క తీసి నేను కోశాను. సాయంత్రం చూసి, "బానే ఉందే," అన్నాడు. నా పనిని అతను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. తరవాత నుంచీ, "గీసిన గీత మీద కత్తి నడపడం కూడా ఒక విద్యేనా? కూరలు తరిగినట్టేగా," అనేవాడు. అత్తగారు, "పిల్లాజెల్లా లేనిదానివి, కూర్చుని ఏదో ఒకటి కోసుకుంటే నీకూ పొద్దుపోతుంది," అనేవారు. నాకు పొద్దుపోవడమే వాళ్ళకి వ్యాపారం.

ఒక్క సంగతి మాత్రం నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు. గీత మీద కోస్తే బొమ్మ రాదు. పసుపు పక్కన ఎరుపుంటే పసుపుని గీత దగ్గర ఆపకూడదు, గీత దాటించి ఎరుపు కిందికి బియ్యపుగింజలో సగమంత లోపలికి పోనివ్వాలి. కాగితం వానకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, స్క్రీన్ వెంట్రుకవాసి కదులుతుంది. లేత రంగు అంత చోటు ఎక్కువ తీసుకోకపోతే రెండు రంగుల మధ్యనుంచి తెల్లకాగితం పళ్ళికిలిస్తుంది. ఇది నాకు బొంబాయి మనిషి చెప్పలేదు. మొదటి ఏడాది పాడైన క్యాలెండర్లు ముందేసుకుని, ఎక్కడ తప్పానో వెతుక్కుని నేర్చుకున్నాను. వీర్రాజుకి చెప్పలేదేమంటే అతను అడగలేదు. కోసిన ఫిల్మ్‌ని వెలుతురుకి పట్టి చూసిన పాపాన ఎప్పుడూ పోలేదు.

చూసేది బతూల్. షాపులో స్క్రీన్ మీద రంగు లాగే పని ఆమెది. బోరబండ నుంచి నడిచొచ్చి, షాపు తెరిచేలోగా మా ఇంటిదాకా వచ్చి ఫిల్ములు తీసుకెళ్ళేది. కిటికీకి పట్టి చూసి, "అక్కా, గీ మూల ఎట్ల తిప్పినవ్? మస్తుంది," అనేది. ఒకసారి, "బోర్డు మీద సార్ పేరున్నది. నీ పేరు యాడుందక్కా?" అనడిగింది. అత్తగారు వింటున్నారు. నేను జవాబు చెప్పకుండా మంచినీళ్ళిచ్చాను. జవాబు చెప్పకుండా ఏదో ఒకటి ఇచ్చి పంపడం నాకు అలవాటైన పని.

ఎనభై ఎనిమిది వేసవిలో గౌస్ మొహియుద్దీన్ మా ఇంటికొచ్చాడు. పంజగుట్టలో పెద్ద ప్రెస్సు ఆయనది. మైత్రీవనం మేడ మీద గది తీసుకుని స్క్రీన్ ప్రింటింగ్ నేర్పే క్లాసు పెట్టాడు.

"వీర్రాజు భాయ్, నీ కటింగ్ చూసి అందరు హైరాన్ అయితున్నరు. గా దానిమ్మ షర్బత్ లేబుల్ ఉన్నది చూడు, గింజ గింజ ఎట్ల కోసినవ్ భాయ్! ఒక్కరోజు వచ్చి మా పిల్లలకు జర చూపించు. పాతికమంది ఉన్నరు."

"దానికేముంది గౌస్ భాయ్, తప్పకుండా వస్తా," అన్నాడు వీర్రాజు. నేను ఆయనకి చాయ్ అందిస్తున్నాను. ఆ లేబుల్ మీద నూట ఇరవై గింజలుంటాయి. ఒక్కో గింజా రెండుసార్లు, లేత ఎరుపులో ఒకసారి, ముదురు ఎరుపులో ఒకసారి కోశాను. ఆ వారమంతా నా కుడి మణికట్టు మీద వేన్నీళ్ళ గుడ్డ కట్టుకుని చపాతీలు ఒత్తాను. గౌస్ మొహియుద్దీన్ నా చేతిలోంచి కప్పు తీసుకుని, వీర్రాజు చేతుల వైపు చూస్తూ తాగాడు.

ఆయన వెళ్ళాక మూడు రోజులు వీర్రాజు సరిగా తినలేదు. కూరలో ఉప్పెక్కువైందన్నాడు, చొక్కా ఇస్త్రీ బాలేదన్నాడు. నాలుగో రోజు కుడి బొటనవేలు నా ముందు పెట్టి, "దీనికి గుడ్డ కట్టు," అన్నాడు. వేలికి గీత కూడా లేదు.

"తెగిందని చెబుతాను. నువ్వు కొయ్యి. నేను వెనక నిలబడి ఎలా కొయ్యాలో చెబుతుంటాను. నువ్వు నోరు మెదపకు."

"కోసేది నేనేనని చెబితే సరిపోతుంది కదా?" అన్నాను.

"ఏంటీ? నీ మొగుడికి రాదని పాతికమంది ముందు చెప్పుకుంటావా?"

అత్తగారు పాత పంచె చింపి పట్టుకొచ్చారు. వేలికి చుట్టబోతూ ఆగి, "కాస్త పసుపు కూడా అద్దు, నమ్ముతారు," అన్నారు. నేను అద్దాను. అద్దుతుంటే నవ్వొచ్చింది. పదకొండేళ్ళలో అతని చేతికి నేను చేసిన మొదటి చాకిరీ అదేమీ కాదు, కానీ లేని గాయానికి మందెయ్యడం మాత్రం మొదటిసారి.

ఆ కట్టుతోనే స్కూటర్ నడిపాడు. మైత్రీవనం దగ్గర దిగాక గుర్తొచ్చి, చేతిని గుండెకి ఆనించుకుని మెట్లెక్కాడు.

గదిలో పొడుగు బల్ల, దాని చుట్టూ పాతికమంది. అందులో ఆడపిల్ల ఒక్కతే, పేరు ఫరీదా, ముందు నిలబడింది. బతూల్ రంగులు కలిపి స్క్రీన్‌లు సిద్ధం చేస్తోంది. వీర్రాజు తన వేలి కథ చెప్పాడు, అందరూ అయ్యో అన్నారు. "మా ఆవిడ ఇంట్లో కాస్త సాయం చేస్తుంటుంది. తనచేత కోయిస్తాను. తన చెయ్యి, నా బుర్ర," అన్నాడు. నవ్వారు. గౌస్ మొహియుద్దీన్ దానిమ్మ బొమ్మనే తెప్పించాడు. టైము చాలదని మూడు రంగులే అనుకున్నారు. పసుపు, ఎరుపు, నలుపు.

కూర్చున్నాను. పసుపుతో మొదలుపెట్టాను. తొక్క అంచు మీదుగా కత్తి అలవాటుగా గీత దాటి, ఎరుపు కిందికి పోవలసినంత దూరం పోయింది.

"ఆగాగు!" అన్నాడు వీర్రాజు. నా భుజం మీంచి వంగి వేలు పెట్టి చూపించాడు. "చూశారా, గీత దాటేసింది. ఆడవాళ్ళ చెయ్యి ఇలాగే జారుతుంది. కళ్ళు బొమ్మ మీద, మనసు పొయ్యి మీద. గీత మీదే కొయ్యాలి. గీతంటే గీతే."

మళ్ళీ నవ్వారు. ఒకడు పుస్తకంలో రాసుకున్నాడు కూడా. గీతంటే గీతే.

అతనికి ఏమీ తెలియదని నాకెప్పుడూ తెలుసు. కానీ ఇంత తెలియదని తెలియదు. పదకొండేళ్ళుగా నేను గీత దాటించిన ప్రతి అంచు మీదా అతని షాపు నిలబడి ఉంది, అతని బోర్డు నిలబడి ఉంది, ఇవాళ ఇక్కడ అతను నిలబడి ఉన్నాడు. ఒక్కసారైనా వంగి చూసి ఉంటే కనపడేది. చూడాల్సినంత పనిగా అది అతనికి తోచలేదు. కూరలు తరిగినట్టేగా. లేచిపోదామనుకున్నాను. చెప్పేద్దామనుకున్నాను. చెబితే ఏమంటాడో కూడా తెలుసు, "అదే నేను చెబుతున్నా," అంటాడు. మర్నాటి నుంచి ఆ మాట కూడా అతనిదైపోతుంది, జిడ్డు మాటలాగే.

"సరేనండీ," అన్నాను.

కొత్త ఫిల్మ్ తీసుకున్నాను. గీత మీదే కోశాను. నా జీవితంలో అంత శుద్ధంగా ఎప్పుడూ కొయ్యలేదు. పెన్సిలు గీత సరిగ్గా నడిమధ్యన కత్తిమొన నిలిపి, తొక్క, పొరలు, గింజ తరవాత గింజ, ఊపిరి వదలకుండా కోశాను. పసుపు అలాగే, ఎరుపు అలాగే, నలుపు అలాగే. వెనక నుంచి, "ఆఁ, అదీ. ఇప్పుడు దారిలోకొచ్చింది," అంటున్నాడు వీర్రాజు. ఫిల్మ్ అందుకున్నప్పుడు బతూల్ అలవాటుగా వెలుతురుకి పట్టింది. ఆమె ముఖం మారింది. వంగి, "అక్కా, గిదేంది? ఏం చేస్తున్నవ్?" అంది నెమ్మదిగా.

"సారు చెప్పినట్టు చేస్తున్నాను," అన్నాను.

ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసింది. ఇంకేమీ అడక్కుండా ఫిల్మ్ తీసుకెళ్ళి స్క్రీన్‌కి ఎక్కించింది.

పసుపు ఎండింది, ఎరుపు ఎండింది, మధ్యాహ్నం మూడు గంటలకి నలుపు లాగారు. కాగితం బల్ల మీద పెట్టగానే అందరూ దాని మీదికి వంగారు. ప్రతి గింజకీ ఒక పక్కన తెల్లటి సందు. తొక్కకీ లోపలి పొరకీ మధ్య తెల్లగా నెర్రెలు. పది కాగితాలు లాగారు, పదీ అంతే, కొన్నిట్లో తెలుపు కుడికి, కొన్నిట్లో ఎడమకి.

"ఆవిడ చెయ్యి వణికింది గౌస్ భాయ్. ఇంతమందిని చూసేసరికి బెదిరింది," అన్నాడు వీర్రాజు.

గౌస్ మొహియుద్దీన్ భూతద్దం తెచ్చాడు. మూడు స్క్రీన్‌లూ అసలు బొమ్మ పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన పాతికేళ్ళుగా ప్రెస్సులో ఉన్న మనిషి.

"వణకలే భాయ్. గీత మీదనే ఉన్నది. దారమంత సుత జరగలే," అన్నాడు. "నువ్వు చెప్పినట్టే కోసింది."

ఫరీదా అడిగింది. "అయితే సార్, గీత మీద కొయ్యొద్దా? మరి యాడ కొయ్యాలె?"

వీర్రాజు కట్టు కట్టిన వేలితో మెడ గోక్కున్నాడు. పాతికమంది ఎదురుచూశారు. ఆ పిల్ల అతన్ని వదిలేసి నావైపు తిరిగింది. "అక్కా, నీకు ఎరికేనా?"

"తెలుసు," అన్నాను.

"పద పద, సామాన్లు సర్దు," అన్నాడు వీర్రాజు.

తిరుగుదారిలో పంజగుట్ట చౌరస్తా దగ్గర కట్టు ఊడబీకి రోడ్డు మీద పారేశాడు. గడప దాటగానే మొదలుపెట్టాడు. నా పరువు తీశావన్నాడు, పదకొండేళ్ళు తిండి పెట్టి పాముని పెంచానన్నాడు. నిజానికి ఆ తిండి వండింది ఎవరో అప్పుడు గుర్తుచెయ్యాలనిపించలేదు. అత్తగారు నుదురు పట్టుకుని కూర్చున్నారు. "ఏంటమ్మా ఇది? మొగుడు నవ్వులపాలైతే నీకేం ఒరుగుతుంది? పొరపాటున జరిగిందని చెప్పు వాడికి, ఊరుకుంటాడు."

"చెప్పు. కావాలనే చేశావా?" అన్నాడు వీర్రాజు.

పొరపాటని చెబితే అయిపోయేది. ఆ ఇంట్లో నా పొరపాట్లకి ఎప్పుడూ చోటుంది. పాలు పొంగితే, బొత్తాం ఊడితే, వానొస్తే కూడా నా పొరపాటే. పొరపాటు చేసే ఆడదాన్ని క్షమించడం వాళ్ళకి ఇష్టం.

"కావాలనే చేశాను," అన్నాను.

అతను చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి వైపు నేను కదలకుండా చూశాను. దాన్ని దించేసుకుని బయటికి పోయాడు.

మర్నాడు పది గంటలకి గౌస్ మొహియుద్దీన్ వచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. ముందు గదిలో వీర్రాజు, అత్తగారు, ఆయన. మా రెండు గదుల మధ్య తలుపు లేదు, కర్టెనే.

"భాయ్, జరిగింది జరిగింది, ఫికర్ చెయ్యకు," అంటున్నాడు గౌస్ మొహియుద్దీన్. "మీ ఇంటామెను క్లాసుకు పంపు. పొద్దుగాల పది నుంచి రెండు దాక. నువ్వే దించు, నువ్వే తీస్కపో. ఇజ్జత్‌తోటి చూస్కుంట."

వీర్రాజు గొంతు ఇట్టే తేరుకుంది. "పంపిస్తాను గౌస్ భాయ్, మీ మాట కాదంటానా? కాకపోతే మా షాపు పనికి అడ్డం రాకూడదు. రెండింటికి వచ్చి ఇంట్లో కోసుకుంటుంది."

"వంటదేముంది, అయిదింటికి లేస్తే అయిపోతుంది," అన్నారు అత్తగారు. "తనకీ కాస్త బయటి గాలి తగులుతుంది."

నేను కత్తిపీట ముందు కూర్చుని వింటున్నాను. నిన్నటి అవమానం అతనికి అప్పుడే లాభమైపోయింది. నా ఉదయం ఒకరు పంచుకున్నారు, మధ్యాహ్నం ఒకరు, తెల్లవారుజాము ఒకరు. పాపం, గౌస్ మొహియుద్దీన్ చెడ్డవాడు కాదు. నిన్న భూతద్దంలోంచి నిజం చూసిన ఒక్క మగవాడు ఆయన. చూసి, ఆ నిజాన్ని తీసుకొచ్చి వీర్రాజు చేతిలో పెట్టాడు. అందరికంటే ఎక్కువ కోపం నాకు ఆయన మీదే వచ్చింది.

లేచి, కర్టెన్ తప్పించి ముందు గదిలోకి వచ్చాను.

"గౌస్ భాయ్, ఆయనకి కటింగ్ రాదండీ. పదకొండేళ్ళుగా కోసింది నేను," అన్నాను.

"లోపలికి పో," అన్నాడు వీర్రాజు.

"గా సంగతి నాకు నిన్ననే ఎరికైంది చెల్లె," అన్నాడు గౌస్ మొహియుద్దీన్ తల దించుకుని.

"తెలిసి కూడా మీరు ఆయన్నే అడిగారు."

ఆయన కుర్చీలో నావైపు తిరిగి కూర్చున్నాడు. "తప్పైంది. మా పిల్లలకు నేర్పుతవా చెల్లె?"

"నేర్పుతాను. వారానికి రెండు రోజులు. ఏ రోజులో నేనే చెబుతాను. ఎవరూ దించక్కర్లేదు, బస్సులో వస్తాను. క్లాసు బోర్డు మీద రత్నమాల అని రాయించండి."

"మరి షాపు పని?" వీర్రాజు లేచి నిలబడ్డాడు. "శుక్రవారానికి రెండు క్యాలెండర్లు పోవాలి. ఎవడు కోస్తాడు?"

"మీరు కొయ్యొచ్చు. గీత మీదే కొయ్యాలి కదా, కష్టమేమీ కాదు. కుదరకపోతే అందరిలాగే బొమ్మలు పట్టుకుని నా దగ్గరికి రండి, ఖాళీ ఉంటే చూస్తాను."

"నీ దగ్గరికా? నీ దగ్గరికంటే ఎక్కడికి?" నవ్వబోయాడు. నాకు వేరే చోటు ఉండడమన్నది అతనికి నిజంగానే నవ్వొచ్చే సంగతి.

అప్పటిదాకా నాకూ తెలియదు. నోరు తెరిచాక తెలిసింది.

"బోరబండ. బతూల్ వాళ్ళింట్లో బల్ల వేసుకుంటున్నాను."

"బోరబండా? ఆ తురకల ఇంట్లోనా?" అత్తగారు గౌస్ మొహియుద్దీన్ ఎదురుగా ఉన్నాడన్నది కూడా మరిచిపోయారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "మధ్యాహ్నం వంట సగంలో ఉంది కదే!" అన్నారామె, ఈసారి నిజంగా భయపడి.

నేను లోపలికెళ్ళి నా కత్తులు రెండూ గుడ్డలో చుట్టుకున్నాను. పొయ్యి ఆపాను. బతూల్‌కి ఈ సంగతేదీ ఇంకా తెలియదు. ఆమెకి చెప్పి, ఒప్పుకుంటుందో లేదో అడగడానికే చెప్పులేసుకున్నాను.